ఏడుగురు పట్టిన దుప్పటి

మీరు మా చక్రాల పిన్నిని కలిసి తీరాలి. తీరిక లేదు, తర్వాత చూద్దాం అంటే నేను ఒప్పుకోను. కాకపోతే ఒక్క మాట ముందే చెప్తున్నా, మీరు వెళ్లినప్పుడు ఆవిడ కుదురుగా కూర్చుని మాట్లాడుతుందని అనుకోకండి. మీతో మాట్లాడుతూనే కిటికీ తెర సర్దుతుంది. మీ చొక్కా గుండీ వేలాడుతుంటే సూది దారం తెస్తుంది. మధ్యలో పొయ్యి ఆపానా లేదా అని రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొస్తుంది. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టిందని మా అమ్మమ్మ అనేది. ఆ మాటే పేరైపోయింది.

పిన్ని అంటే మా అమ్మకు సొంత చెల్లెలు. వయసు యాభై ఒకటి. ఊళ్లో పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. పదకొండేళ్లుగా అదే పని, అదే బల్ల, అదే జోడీ.

జోడీ అని ఎందుకన్నానంటే, ఆసుపత్రి దుప్పటి ఒక్కళ్లు మడతపెట్టేది కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. చెరో రెండు మూలలు పట్టుకుని ఒక్కసారి గట్టిగా విదిలించాలి. ముడతలు పోగానే ఒకరివైపు ఒకరు నడిచి మూలలు కలపాలి. ఒకళ్లు ఎక్కువ లాగినా, ఒకళ్లు తక్కువ లాగినా దుప్పటి ఓరగా వస్తుంది, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. పిన్నికి ఎదురుగా నిలబడేది నిదానం అత్త. ఆవిడ పేరు అదేమీ కాదు గానీ, పిన్ని నాలుగడుగులు వేసేలోపు ఆవిడ ఒకటి వేస్తుంది. "నువ్వు నడిచొస్తున్నావా వదినా, ఉత్తరం రాసి పంపిస్తున్నావా?" అని పిన్ని దెప్పేది. "నువ్వు కాస్త ఆగితే నేనొస్తా. నువ్వు ఆగవుగా" అనేది నిదానం అత్త. ఇద్దరికీ చుట్టరికం లేదు. వదినా అంటే వదినా అనుకున్నారు, అంతే. చిత్రం ఏంటంటే, ఆ హాల్లో అంచుకు అంచు సరిగ్గా కుదిరేది వీళ్లిద్దరి మడతే.

ఇద్దరూ ప్రార్థన గుంపులో కూడా ఉన్నారు. ఆ గుంపు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

లాండ్రీలో ఏడుగురు విశ్వాసులు పొద్దున్నే ఆరింటికి, పని మొదలవడానికి అరగంట ముందు, మడతల బల్ల దగ్గర చేరతారు. ఆ గుంపుకు పెద్ద బాయిలర్ తాత. ఆ ఆవిరి యంత్రం దగ్గర ముప్పై ఏళ్లు నిలబడి జుట్టంతా తెల్లబడిన మనిషి. ఆ వేళకే మొదటి వాషింగ్ మిషన్ తిరుగుతూ ఉంటుంది. వార్డులకు ఏడున్నరకల్లా ఉతికిన దుప్పట్లు వెళ్లాలి కాబట్టి దాన్ని ఆపడానికి లేదు. ఆ మోతలో పక్కవాళ్లు చేసే ప్రార్థన కూడా సరిగ్గా వినపడదు. ఆమేన్ ఎప్పుడు చెప్పాలో తెలియదు. ఒకళ్లు ముందు, ఒకళ్లు తర్వాత.

అందుకని తొమ్మిదేళ్ల కిందట తాత ఒక పద్ధతి పెట్టాడు. చిరుగు పడి పక్కన పారేసిన పాత దుప్పటి ఒకటి తెచ్చి, చుట్టూ నిలబడి అందర్నీ అంచు పట్టుకోమన్నాడు. ఒకళ్లు మనవి గట్టిగా చెప్తారు. ఆ మనవికి మనసారా ఒప్పుకున్నవాళ్లు తమ అంచును మెల్లగా తమవైపు లాగుతారు. ఏడుగురూ లాగితే దుప్పటి బల్లలా బిగుస్తుంది. అప్పుడే ఆమేన్. ఎవరివైపైనా వదులుగా వేలాడిందా, ఆ మనవి ఆ రోజుకు పక్కన పెట్టి, ఆ మనిషితో కూర్చుని ఏంటి కథ అని అడుగుతారు. "ఇద్దరు ఒకటై అడిగితే వింటానన్నాడు ప్రభువు. ఒకే గదిలో నిలబడి అడిగితే అని అనలేదు" అనేది తాత మాట.

ఇస్త్రీ అక్క అని ఇంకొకావిడ ఉంది, నోటికి తాళం లేని మనిషి. "తాతా, నీ ప్రార్థన కంటే నీ బాయిలర్ తొందరగా వేడెక్కుతుంది" అనేది. పిన్ని ఒక కన్ను తెరిచి ప్రార్థిస్తుంటే, "దేవుడికి కూడా పొయ్యి ఆపాడో లేదో గుర్తు చేస్తావా ఏంటే?" అని నవ్వించేది.

పిన్నికి ఆ జబ్బు నిజంగానే ఉంది, గుర్తు చేసే జబ్బు. మా బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఆయనకు రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తుంది. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, తలుపు తాళం లాగి చూశావా. ఆయన బస్టాండులో ఆగినప్పుడు తిరిగి చేసి, "అన్నీ చేశా తల్లీ, ఊపిరి కూడా తీసుకుంటున్నా" అనేవాడు.

ఆ రోజు తొమ్మిది దాటి పది నిమిషాలు అవుతోంది. లాండ్రీ కిటికీలోంచి చూస్తే మబ్బు కనిపించింది పిన్నికి. ఇంటి మేడ మీద ఆరేసిన బట్టలు గుర్తొచ్చాయి. బాబాయి ఇంట్లోంచి బయల్దేరేముందు అవి లోపల వేశాడో లేదో. దుప్పటి మూలలు బల్ల మీద పడేసి, "ఒక్క నిమిషం వదినా" అని ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఎత్తలేదు. బస్సు నడుపుతున్నాడులే అనుకుని మళ్లీ మూలలు పట్టుకుంది.

మీకు చెప్పాలి కదా, ఆ రోజు వాన పడలేదు.

పదింటికి ఒక నర్సు లాండ్రీలోకి పరుగెత్తుకొచ్చింది. నిదానం అత్త తమ్ముణ్ని క్యాజువాలిటీకి తెచ్చారు, తలకు దెబ్బ, ఏదో బస్సు గుద్దిందట. ఆ తమ్ముడు వాచీలు, గడియారాలు బాగుచేసే మనిషి. తల్లి పోయాక అత్తే పెంచింది. పెళ్లి చేసుకోలేదు. అక్కా తమ్ముళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, ఇంటి నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంటుంది. నిదానం అత్త పరుగెత్తడం ఆ రోజే మొదటిసారి చూశానని పిన్ని ఇప్పటికీ అంటుంది. పిన్నీ ఆవిడ వెనకే పరుగెత్తింది.

క్యాజువాలిటీ వరండాలో చొక్కా నిండా నెత్తురుతో ఒకాయన నిలబడి ఉన్నాడు. అది మా బాబాయి.

గుద్దింది ఆయన బస్సే. పడిపోయినవాణ్ని రోడ్డు మీద వదిలెయ్యకుండా తన బస్సులోనే పడుకోబెట్టి, ప్రయాణికులతో సహా ఆసుపత్రికి తెచ్చాడు. నిదానం అత్త ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "అన్నయ్యా, నువ్వు కాబట్టి తెచ్చావు. ఇంకొకడైతే పారిపోయేవాడు" అంది. బాబాయి ఆవిడ ముఖం చూడలేదు. పిన్ని ముఖం చూశాడు.

అసలు సంగతి మధ్యాహ్నం ఇంటికొచ్చాక చెప్పాడు. అప్పుడు నేను పరీక్షలకు చదువుకోవడానికి వాళ్లింట్లోనే ఉన్నాను. గోడ అవతల గదిలోంచి విన్నాను.

"ఫోన్ మోగింది. స్టీరింగు పక్కనే ఉంది. చూశా."

"ఎత్తావా?"

"ఎత్తలేదు. ఎవరా అని చూశా, అంతే. నీ పేరు చూసి తలెత్తేసరికి..." అని ఆగిపోయాడు. "చేతిలో గోడగడియారం పట్టుకున్నాడు. పేపర్లో చుట్టి. అది ముందు పడింది."

పిన్ని బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసిన చప్పుడైంది. తనదీ ఆయనదీ రెండు ఫోన్లూ తీసుకెళ్లింది లోపలికి. రెండింట్లోంచీ ఆ ఒక్క కాల్ చెరిపేసి వచ్చింది.

"డిపోలో ఏం చెప్పావు?" అంది.

"హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చాడన్నా."

"వచ్చాడా?"

"తెలీదే! చూడలేదంటుంటే..." అన్నాడు బాబాయి. ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు డిపోవాళ్లు. కండక్టరు ఆ టైముకు బస్సులో వెనక సీట్ల దగ్గర ఉన్నాడు. ముందు కూర్చున్నవాళ్లు ఎవరూ ఫోన్ గురించి అనలేదు. దెబ్బ తిన్నవాణ్ని తనే ఆసుపత్రికి తెచ్చిన డ్రైవర్ని ఎవరు అనుమానిస్తారు? అందరూ మంచివాడనే అన్నారు. ఆ మంచి మాట వినపడ్డప్పుడల్లా బాబాయి లేచి ఇంకో గదిలోకి వెళ్లిపోయేవాడు.

నిదానం అత్త తమ్ముడు కళ్లు తెరవలేదు. ఐసీయూలో పడుకోబెట్టారు. అక్కడికి వెళ్లే దుప్పట్లకు మూలన నీలం దారంతో గుర్తు కుడతారు. ఇప్పుడు ఆలోచించండి. నీలం గుర్తు దుప్పటి చేతికి రాగానే, అది ఎవరి మంచం మీదికి వెళ్తుందో ఆ ఇద్దరికీ తెలుసు. ఒక పక్క అక్క, ఇంకో పక్క పిన్ని. విదిలించడం, నడవడం, మూలలు కలపడం. రోజుకు ఎన్నిసార్లో.

"వాడే చూసుకోడు వదినా," అనేది నిదానం అత్త మడతపెడుతూ. "చిన్నప్పటి నుంచీ అంతే. ఆకాశం చూస్తూ నడుస్తాడు. అన్నయ్య మాత్రం ఏం చేస్తాడు పాపం."

పిన్ని చేతిలోంచి మూల జారిపోయేది.

రెండో రోజు పొద్దున్నే గుంపులో నిదానం అత్త మనవి చెప్పింది. "నా తమ్ముడు కళ్లు తెరవాలి." ఏడుగురూ లాగారు. దుప్పటి ఒక పక్క కిందికి వేలాడింది. పిన్ని వైపు. తాత చూశాడు. మనవి ఆ రోజుకు పక్కన పెట్టాడు గానీ, మొగుడి గురించి దిగులులే అనుకుని పిన్నిని అడగలేదు. మూడో రోజూ అంతే. నాలుగో రోజు పిన్ని పళ్లు బిగించి లాగింది. ఎంత గట్టిగా లాగిందంటే పక్కనున్న ఇద్దరి చేతుల్లోంచి అంచు ఊడిపోయింది, ఇస్త్రీ అక్క బల్ల మీదికి తూలింది.

"ప్రార్థన చేస్తున్నావా, తాడు లాగుడు పోటీకి వచ్చావా?" అంది ఇస్త్రీ అక్క.

తాత పిన్నిని పక్కకు పిలిచాడు. "ఏంటమ్మా?"

"ఏం లేదు తాతా. నిద్ర లేదు, చేతుల్లో బలం లేదు."

"బలం అడగలేదు నేను."

"మావారి గురించి దిగులు."

"సరే. దిగులైతే పరవాలేదు" అన్నాడాయన. కానీ పిన్ని ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి పిన్ని ఇంట్లో ఒక చోట నిలబడితే ఒట్టు. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. మెట్ల మీద నుంచి దిగి, ఎందుకు దిగిందో మర్చిపోయి ఎక్కేది. ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ కాలినట్టు పడేసేది. బాబాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం పిన్ని నా పక్కన కూర్చుంది. కూర్చుంది అంటే, అంచు మీద.

"ఒరేయ్, చదువుకున్నవాడివి, చెప్పు. ఒకళ్లు మనసులో అబద్ధం పెట్టుకుని ప్రార్థన చేస్తే, మిగతా ఆరుగురిదీ పైకి వెళ్లదంటావా?"

"నాకేం తెలుసు పిన్నీ. తాతనడుగు."

"తాతనడిగితే ఎందుకడిగావంటాడు."

"పోనీ చెప్పెయ్యరాదూ?"

చురుగ్గా చూసింది. గోడ అవతల నేను విన్నానని అప్పుడే ఆవిడకు తెలిసింది. "మీ బాబాయికి ఇంకా రెండేళ్లు సర్వీసు ఉందిరా. ఒక్క మచ్చ లేదు ఇన్నేళ్లలో. నా నోటితో ఆయన్ని రోడ్డు మీద నిలబెట్టమంటావా? అది ఒకటా? ఆ వదినకు నేనేమని చెప్పను? నీ తమ్ముణ్ని పడగొట్టింది నా బట్టల తీగ అని చెప్పనా?" అని లేచి వెళ్లిపోయింది. రెండు నిమిషాల్లో వంటింట్లో గిన్నెల చప్పుడు.

పదమూడో రోజు. ముందు రోజు డాక్టరు నిదానం అత్తను పిలిచి, ఇంకో వారం చూద్దాం, ఆ తర్వాత ఏం చెప్పలేం అన్నాడు. పొద్దున్న పిన్ని చెప్పులు ఒక కాలిది ఇంకో కాలికి వేసుకుంటుంటే చూసి భయమేసి నేనే తోడు వెళ్లాను. లాండ్రీ తలుపు దగ్గర మాసిన బట్టల మూట మీద కూర్చున్నాను. లోపల సబ్బు వాసన, వేడి, మిషన్ మోత. బల్ల చుట్టూ ఏడుగురు. "వందనాలు, వందనాలు" అనుకుని అంచులు పట్టుకున్నారు.

నిదానం అత్త కళ్లు మూసుకుంది. ఆ రోజు మనవి వేరేలా చెప్పింది. గట్టిగా చెప్పింది, నా దాకా వినపడింది.

"తండ్రీ, నా తమ్ముడు పరధ్యానంగా నడిచాడు. వాడి వల్ల ఒక మంచి మనిషి ఉద్యోగం మీదికి వచ్చింది. ఆ తప్పు క్షమించు. తప్పు పట్టుకుని వాణ్ని తీసుకుపోకు."

ఆరుగురు లాగారు. పిన్ని అంచు వదిలేసింది. దుప్పటి ఒక మూల నేల మీద పడింది.

"వాడిది కాదు" అంది పిన్ని. "తప్పు నాది. నేను ఫోన్ చేశాను."

పక్కనున్న ఇద్దరూ విన్నారు. వాళ్ల తలలు పిన్ని వైపు తిరిగాయి. బల్లకు అటు చివర ఉన్న నిదానం అత్తకు మాత్రం మోతలో వినపడలేదు. "ఏంటి? ఏమంటోంది?" అని చుట్టూ చూస్తోంది.

నిదానం అత్త ముఖం చూడండి ఒకసారి, దయచేసి. పిన్ని పదమూడు రోజులు మోసి, ఒక్కసారి ఎలాగో బయటికి తోసేసిన మాట, చేరాల్సిన మనిషికి చేరలేదు. "ఏం లేదు వదినా" అంటే అక్కడితో అయిపోతుంది. పక్కవాళ్లు కూడా నోరు మెదపకపోవచ్చు.

అప్పుడు బాయిలర్ తాత తన అంచు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, గోడ దగ్గరికి నడిచి, వాషింగ్ మిషన్ ఆపేశాడు. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఆపలేదు. డ్రమ్ము రెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది. లోపల నీళ్లు కారుతున్న చప్పుడు కూడా వినపడింది.

"ఇప్పుడు చెప్పమ్మా" అన్నాడు.

పిన్ని రెండోసారి చెప్పింది. మొత్తం. మబ్బు, బట్టలు, ఫోన్, బాబాయి తల దించడం, బాత్రూంలో కాల్ చెరపడం. "నీ తమ్ముడు రోడ్డు చూశాడో లేదో ఎవరికీ తెలీదు వదినా. మావారు చూడలేదు. నా వల్ల చూడలేదు. నువ్వు రోజూ వాణ్ని తిడుతుంటే నేను వింటూ నిలబడ్డాను."

నిదానం అత్త దుప్పటి వదల్లేదు ముందు. చేతిలో అంచును చూసింది, మడతపెట్టాలా అన్నట్టు. తర్వాత బల్ల మీద పెట్టింది. తన నడకతోనే, తొందర లేకుండా, పిన్ని పక్క నుంచే నడిచి, నా పక్క నుంచే నడిచి బయటికి వెళ్లిపోయింది.

"ఎందుకు చెప్పావే?" అంది ఇస్త్రీ అక్క. కళ్లనిండా నీళ్లు. "ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు" అంది పిన్ని. "అదే గదా."

తాత మళ్లీ మిషన్ వేశాడు. ఆ రోజు వార్డులకు దుప్పట్లు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాయి, సూపర్‌వైజరు నానా మాటలూ అన్నాడు. ఆ మాటలన్నీ తాతే పడ్డాడు.

ఇంటికి వెళ్లి పిన్ని బాబాయితో చెప్పింది. నేను తిట్లు పడతాయనుకున్నాను. ఆయన లేచి కూర్చున్నాడు. "నా చొక్కా ఇస్త్రీ చేసి ఉందా?" అన్నాడు. అదే సాయంత్రం డిపోకు వెళ్లి, ఫోన్ మోగింది, రోడ్డు మీంచి కళ్లు తిప్పాను అని రాసిచ్చాడు. తిరిగొచ్చి, పెట్టింది తిని, గోడవైపు కాకుండా వెల్లకిలా పడుకుని గురకపెట్టాడు. పిన్ని తలుపు దగ్గర నిలబడి ఆ గురక వింటూ ఉండిపోయింది.

మూడు రోజులు నిదానం అత్త గుంపుకు రాలేదు. పనికి వచ్చింది గానీ ఇంకో బల్ల దగ్గర ఇంకో మనిషితో మడతపెట్టింది. ఆ మడతలు ఓరగా వచ్చాయి. పిన్నికి ఇచ్చిన కొత్త జోడీ మడతలూ అంతే. ప్రార్థనకు ఆరుగురే నిలబడ్డారు. పిన్ని ఎదురుగా ఒక ఖాళీ. దుప్పటి ఆ ఖాళీ వైపు వేలాడేది. "లాగొద్దు. ఊరికే పట్టుకోండి. ఆమె చోటు అలాగే ఉంచండి" అన్నాడట తాత. పిన్ని అంచు పట్టుకుని కాలు మార్చి కాలు మీద నిలబడేదట, తలుపు వైపే చూస్తూ. ప్రతి అడుగుల చప్పుడికీ తల తిప్పేదట.

నాలుగో రోజు ఆరింటికి అడుగుల చప్పుడైంది. నిదానంగా. అదెవరో చూడక్కర్లేదు.

వచ్చి తన చోట నిలబడింది. తనే మిషన్ ఆపమని తాతకు సైగ చేసింది. ఆపాక పిన్నితో అంది:

"నాకు నీ మీద కోపంగా ఉంది. దాచను. వాడు లేచినా పోతుందో లేదో తెలీదు."

"ఉండనీ వదినా" అంది పిన్ని.

"వదినా అనకు ఇప్పుడే."

పిన్ని తల దించుకుంది.

"కోపంతో ఇంట్లో ఒక్కదాన్నే మోకరించి చూశాను మూడు రోజులు. నోరు రాలేదు. వాడి కోసం అడుగుదామంటే నీ ముఖమే వస్తోంది. నువ్వు అవతల పట్టుకోకపోతే నా పక్క కూడా బిగవట్లేదు." అంచు చేతిలోకి తీసుకుంది. "అబద్ధం పోయిందిగా. ఇక పట్టు. సరిగ్గా పట్టు. మొన్నటిలా ఊడగొట్టకు."

"మొన్న నా నడుము విరగ్గొట్టింది, నన్నెవరూ అడగలేదు" అని గొణిగింది ఇస్త్రీ అక్క, ముక్కు తుడుచుకుంటూ.

మనవి నిదానం అత్తే చెప్పింది. రెండు చెప్పింది. "ప్రభువా, నా తమ్ముడు కళ్లు తెరవాలి. ఆ డ్రైవరు ధైర్యం చెడకూడదు." డ్రైవరు అనడానికి కాస్త ఆగింది. అన్నయ్య అనలేదు. కానీ చెప్పింది.

లాగారు. పాత దుప్పటి, మధ్యలో చిరుగు ఉన్నది, అది బిగుసుకుంది. తాత తన కళ్లజోడు పెట్టె తీసి దాని మధ్యలో పెట్టాడట. పల్లం పడలేదు. ఏడుగురూ ఒక్కసారే ఆమేన్ అన్నారు. మిషన్ ఆగి ఉంది కాబట్టి, తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒకళ్ల ఆమేన్ ఒకళ్లకు వినపడింది.

ఆ తర్వాత రోజూ అలాగే నిలబడ్డారు, నేనూ పిన్ని వెంట వెళ్లి తలుపు దగ్గర కూర్చుని చూశాను. ఆరో రోజున ఐసీయూ నర్సు లాండ్రీకి ఫోన్ చేసింది. నిదానం అత్త తమ్ముడు వేళ్లు కదిపాడు. తొమ్మిదో రోజు కళ్లు తెరిచి, గోడ మీద గడియారాన్ని చాలాసేపు చూసి, "నాలుగు నిమిషాలు వెనకుంది" అన్నాడు. అదీ మొదటి మాట. డాక్టర్లు మెదడులో వాపు తగ్గిందన్నారు. తగ్గిందని మేమూ అంటున్నాం, ఎవరు తగ్గించారన్నదే మాట అంటుంది పిన్ని. నేను మాత్రం ఒకటే చెప్పగలను. ఒంటరిగా ఆ మాట అడగలేకపోయిన మనిషిని చూశాను, ఒకటైపోయాక ఏడుగురు అడగడం చూశాను. ఆ రెండింటి మధ్య తేడా నా కళ్లతో చూశాను. అప్పటిదాకా ప్రార్థన అంటే ఎవరికి వాళ్లు కళ్లు మూసుకోవడమే అనుకునేవాణ్ని.

కథ అంతా తీపిగా ముగిసిందని చెప్పను. తమ్ముడికి ఎడమ కాలు ఇంకా సరిగ్గా పడటం లేదు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. రోడ్డు మీదికి తానే తొందరపడి దిగాడా లేదా అన్నది ఆయనకూ గుర్తు లేదు. బాబాయి మీద విచారణ నడుస్తూనే ఉంది. బస్సు తీసేసుకుని డిపోలో బస్సులు కడిగే పనిలో వేశారు. బాబాయి వారానికోసారి ఆ తమ్ముడి ఇంటికి వెళ్తాడు, పగిలిన గోడగడియారం అద్దం తనే కొలిచి కోయించి తెచ్చి బిగించాడు. వాళ్లిద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు, గడియారాల చప్పుడు వింటూ కూర్చుంటారు.

నిదానం అత్త పాత బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. అంచుకు అంచు మళ్లీ కుదురుతోంది. అన్నం వేళ మాత్రం వేరుగా కూర్చుంటోంది. పిన్ని దూరం నుంచి చూస్తుంది, సగం లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. మొన్నొక రోజు నీలం గుర్తు దుప్పటి మడతపెడుతూ మూలలు కలిపే దగ్గర నిదానం అత్త, "కాస్త ఆగు, వస్తున్నాగా" అందట. వదినా అనలేదు. అయినా పిన్ని ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది, వంటింట్లోకి వెళ్తూ ఒకసారి, వస్తూ రెండుసార్లు.

తొమ్మిదీ పదికి ఆవిడ చెయ్యి ఇప్పటికీ ఫోన్ మీదికి వెళ్తుంది. ఆపుకుంటుంది.

ఇక మీ సంగతి. ఆ కాల్ చెరిగిపోయింది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. మొదటిసారి చెప్పిన మాట మోతలో కలిసిపోయింది కూడా. మీ చేతిలో ఒక అంచు, బల్లకు అటువైపు మీ స్నేహితురాలు తన తమ్ముణ్నే తప్పుబట్టుకుంటూ, "ఏమన్నావు?" అని మిమ్మల్నే చూస్తోంది. మిషన్ ఆగింది. మీరైతే ఏం చేసేవారు?